కీ కదలదు, సంతకం కదులుతుంది

ప్రశ్న: మారతహళ్లిలో ఉద్యోగమండీ. మా టీం ఎస్ఎస్‌హెచ్‌తో, అంటే దూరపు మెషీన్‌లోకి భద్రంగా లాగిన్ అయ్యే పద్ధతిలో, ముందు గేటులాంటి జంప్ సర్వర్‌లోకి, అక్కడి నుంచి అసలు సేవలు నడిచే ప్రొడక్షన్ మెషీన్లలోకి వెళ్తుంది. మళ్లీ మళ్లీ లాగిన్ వివరాలు ఇవ్వనక్కర్లేకుండా అందరం క్యాపిటల్ ఏ ఆప్షన్‌తో ఏజెంట్‌ను, అంటే ల్యాప్‌టాప్‌లో కీలను ఉంచుకుని మన తరఫున సంతకం చేసే ప్రోగ్రామ్‌ను, ఫార్వర్డ్ చేస్తున్నాం. ప్రైవేట్ కీ ల్యాప్‌టాప్ దాటదు కదా, మరి ఇది ప్రమాదమని ఎందుకంటారు?
– ఒక పాఠకుడు, బెంగళూరు

జవాబు: కీ దాటదన్న మాట నిజమే. కానీ దొంగకు కీ అక్కర్లేదు, దాని సంతకం, అంటే కీ మన దగ్గరుందని రుజువు చేసే డిజిటల్ ముద్ర, దొరికితే చాలు. మీరు లాగిన్ కాగానే జంప్ సర్వర్‌లో మీ ఏజెంట్‌తో మాట్లాడేందుకు ఒక సాకెట్ ఫైలు పుడుతుంది. మిగతా యూజర్లు దాన్ని తెరవలేరు, అన్ని అధికారాలూ ఉన్న రూట్ యూజర్‌కు మాత్రం ఆ అడ్డు లేదు. రూట్ చేజిక్కినవాడు ఆ సాకెట్ దారిని తన షెల్‌లో పెట్టుకుని ఇంకో మెషీన్‌కు ఎస్ఎస్‌హెచ్ కొడితే, మీ ల్యాప్‌టాప్ మిమ్మల్ని అడక్కుండానే సంతకం చేసి పంపుతుంది. అవతలి లాగ్‌లో పడేది మీ కీని గుర్తుపట్టే చిన్న కోడ్, అంటే మీ కీ ఫింగర్‌ప్రింటే. మీ టీం అంతా ‘ఉబుంటు’ లాంటి ఒకే యూజర్‌తో లాగిన్ అవుతుంటే రూట్ కూడా అవసరం లేదు. పైగా ఏజెంట్‌లో ఉన్న కీలన్నీ, మీ సొంత గిట్‌హబ్ కీతో సహా, వాడి చేతికి అందుతాయి.

ఇది ఊహ కాదు. 2019లో మ్యాట్రిక్స్ డాట్ ఆర్గ్ అనే చాట్ సేవ సర్వర్లలోకి, కోడ్‌ను బిల్డ్ చేసే జెన్‌కిన్స్ సాఫ్ట్‌వేర్‌లోని లోపం ద్వారా చొరబడిన వ్యక్తి, ఫార్వర్డ్ అయిన ఏజెంట్‌ను వాడుకునే ప్రొడక్షన్‌లోకి వెళ్లాడు.

మీ అవసరానికి ప్రాక్సీజంప్ సరిపోతుంది. ఓపెన్ఎస్ఎస్‌హెచ్ 7.3 నుంచి, అంటే 2016 నుంచి ఉంది. క్యాపిటల్ ఏ తీసేసి క్యాపిటల్ జే పెట్టి జంప్ సర్వర్ పేరివ్వండి. అప్పుడు జంప్ సర్వర్ ఎన్‌క్రిప్ట్ అయిన బైట్లను అటూ ఇటూ మోస్తుందంతే, లాగిన్ నేరుగా మీ ల్యాప్‌టాప్‌కూ ప్రొడక్షన్‌కూ మధ్యే జరుగుతుంది. అయితే కొత్త మెషీన్‌కు మొదటిసారి వెళ్లేటప్పుడు ఆ మెషీన్ గుర్తింపైన హోస్ట్ కీ ఫింగర్‌ప్రింట్‌ను అడ్మిన్ ఇచ్చినదానితో పోల్చి చూశాకే ‘ఎస్’ అనండి. ‘అడ్మినిస్ట్రేటివ్లీ ప్రొహిబిటెడ్’ అని వస్తే జంప్ సర్వర్‌లో టీసీపీ ఫార్వర్డింగ్ మూసి ఉందేమో చూడాలి. దాన్ని పూర్తిగా తెరవనక్కర్లేదు, పర్మిట్ఓపెన్ సెట్టింగ్‌లో ప్రొడక్షన్ మెషీన్ల 22 పోర్టులు మాత్రమే రాయమనండి.

కాన్ఫిగ్ ఫైల్లో ‘హోస్ట్ స్టార్’ కింద ఫార్వర్డ్ఏజెంట్ ఎస్ అని ఉంటే ఈరోజే తీసేయండి. మీరు తాకే ప్రతి సర్వర్‌కూ ఏజెంట్‌ను అప్పగించే లైన్ అది. సర్వర్‌లో గిట్ పుల్ చేయడం కోసమే ఫార్వర్డ్ చేస్తుంటే, ఆ ఒక్క రెపోకు చదివే హక్కు మాత్రమే ఉన్న డిప్లాయ్ కీ ఇవ్వండి.

ఫార్వర్డింగ్ తప్పనిసరైతే కీని ఎస్ఎస్‌హెచ్-యాడ్‌లో స్మాల్ సీ, స్మాల్ టీ 3600 పెట్టి చేర్చండి. గంట తర్వాత కీ ఏజెంట్ నుంచి తొలగిపోతుంది, ఈలోపు ప్రతి సంతకానికీ అనుమతి అడుగుతుంది. మీరెక్కడా లాగిన్ కాకుండానే ఆ అనుమతి పెట్టె తెరమీదికొస్తే ‘నో’ కొట్టి, కనెక్షన్ తెంచి, ఎస్ఎస్‌హెచ్-యాడ్ క్యాపిటల్ డీతో ఏజెంట్‌లోని కీలన్నీ తీసేసి, జంప్ సర్వర్ చూసేవాళ్లకు వెంటనే ఫోన్ చేయండి.