ఐబీడీ అని డాక్టర్లు ఎలా తేలుస్తారు? మా చెల్లెలికి చేసిన పరీక్షలు

అక్కా, మీ అబ్బాయికి రెండు నెలలుగా విరేచనంలో రక్తం, జిగట పడుతున్నాయని, కడపలో చేయించిన రక్తపరీక్షలో ఏమీ తేలలేదని రాశారు. ఐబీడీ అంటే పేగులో చాన్నాళ్లు వాపు, పుండ్లు ఉండే జబ్బు, అల్సరేటివ్ కొలైటిస్, క్రోన్స్ అని ముఖ్యంగా రెండు రకాలు. ఏ ఒక్క పరీక్షతోనూ ఈ జబ్బు తేలదు. అన్నీ కలిపి చూస్తే గానీ డాక్టర్లు పేరు పెట్టరు.

మా చెల్లెలు ఉండేది అనంతపురంలో. మొలలని చాన్నాళ్లు మందులు వాడించారు. జాకెట్లన్నీ వదులైపోయాక గ్యాస్ట్రో డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాం. ఆయన ముందు అడిగింది, రాత్రి నిద్రలోంచి లేచి విరేచనానికి పోవాల్సి వస్తోందా అని. తర్వాత జ్వరం, కీళ్లనొప్పులు, నోటిపూత, ఇంట్లో ఎవరికైనా టీబీ ఉందా అని. ఉత్త ఐబీఎస్ అయితే, అంటే వాపు లేకుండా పేగు పనితీరు మాత్రమే గాడితప్పితే, రక్తం పడదు, బరువు తగ్గరు. మీవాడికి ఇవి ఉంటే అడగకపోయినా చెప్పండి.

మలపరీక్షలో మొదట అమీబా, బ్యాక్టీరియా ఉన్నాయేమో చూస్తారు. రక్తంలో హిమోగ్లోబిన్, వాపును చూపే సీఆర్‌పీ, అల్బుమిన్ అనే ప్రొటీన్ చూస్తారు. మలంలోనే కాల్‌ప్రొటెక్టిన్ అని ఇంకోటి చూస్తారు. అది గ్రాము మలానికి 50 మైక్రోగ్రాముల లోపుంటే పేగులో వాపు ఉండే అవకాశం తక్కువ. ఎక్కువుంటే వాపు ఉందని తెలుస్తుంది, ఎందుకుందో తెలియదు. డైక్లోఫెనాక్ లాంటి నొప్పి మాత్రలకు కూడా అది పెరుగుతుంది, కాబట్టి వాడుతుంటే ముందే చెప్పాలి.

అసలు సంగతి బయటపెట్టేది కొలనోస్కోపీ, అంటే మలద్వారం గుండా కెమెరా గొట్టం పంపి పేగు లోపల చూడడం. భయపడకండి, మత్తిస్తారు. కష్టమంతా ముందురోజు పేగు శుభ్రం కావడానికిచ్చే పొడి కలిపిన నీళ్లు తాగడమే. కెమెరా పెద్దపేగు దాటి చిన్నపేగు చివరి భాగంలోకి వెళ్లాలి, బాగున్నట్టు కనిపించే చోట్ల నుంచి కూడా ముక్కలు తీయాలి. అల్సరేటివ్ కొలైటిస్ సాధారణంగా మలద్వారం దగ్గర మొదలై పెద్దపేగులో ఎడం లేకుండా పైకి పాకుతుంది. క్రోన్స్ నోటి నుంచి మలద్వారం దాకా ఎక్కడైనా, మధ్యమధ్య వదిలేసి వస్తుంది. చిన్నపేగు లోపలికి చూడాలంటే ఎంఆర్ ఎంటెరోగ్రఫీ అనే ఎంఆర్‌ఐ స్కాన్ తీస్తారు.

మా చెల్లెలికి చిన్నపేగు, పెద్దపేగు కలిసే చోట పుండ్లు కనిపించాయి. పేగు టీబీ కూడా ఎక్కువగా అక్కడే చేరుతుంది. మన దేశంలో అసలు చిక్కంతా ఇదే. క్రోన్స్‌కు వాడే స్టెరాయిడ్ టీబీకి ఇస్తే అది ముదురుతుంది. క్రోన్స్‌కు టీబీ మందులిస్తే కాలం వృథా, ఈలోపు పేగు సన్నబడిపోవచ్చు. అందుకే తీసిన ముక్కను మైక్రోస్కోపులో చూసే బయాప్సీతో పాటు, టీబీ క్రిమి కోసం జీన్‌ఎక్స్‌పర్ట్, క్రిమిని పెంచి చూసే కల్చర్, ఛాతీ ఎక్స్‌రే చేయించారు. వీటిలో ఏమీ దొరకనంత మాత్రాన టీబీ లేదని కాదు. కల్చర్‌కు వారాలు పడుతుంది. అయినా తేలకపోతే టీబీ మందులు మొదలుపెట్టి, రెండు మూడు నెలలకు మళ్లీ కొలనోస్కోపీ చేస్తారు. మా చెల్లెలికి అదే చేశారు. నొప్పి తగ్గిందని మేమంతా సంతోషపడ్డాం గానీ, లోపల పుండ్లు మానలేదు. డాక్టరు నమ్మింది ఆ పుండ్లనే. అప్పుడు క్రోన్స్ అన్నారు.

కాబట్టి ముక్క తీయకముందే ఎవరైనా స్టెరాయిడ్ రాస్తే, టీబీ సంగతి చూశారా అని తప్పకుండా అడగండి. బయాప్సీ రిపోర్టు ఒక్కటే కాదు, ఆ ముక్కతో చేసిన గాజు స్లైడ్లు, మైనపు బ్లాకులు కూడా అడిగి తెచ్చుకోండి. వేరే ఊళ్లో చూపించినా అవే పనికొస్తాయి. కర్నూలు పెద్దాసుపత్రిలో గ్యాస్ట్రో విభాగం ఉంది. ఈలోపు జ్వరం బాగా పెరిగినా, కడుపు ఉబ్బి గట్టిపడినా, రక్తం ఆగకపోయినా అపాయింట్‌మెంట్ కోసం చూడొద్దక్కా, అర్ధరాత్రయినా సరే క్యాజువాలిటీకి తీసుకెళ్లండి.