మూడు డబ్బాల ఫొటో పంపినావు గదా, అల్లుడూ

చిత్తూరు

చిరంజీవి అల్లుడికి, మామ ఆశీస్సులు.

నువ్వు పంపిన ఫొటో చూసినాను. మొబిల్ 1, కాస్ట్రాల్ ఎడ్జ్, షెల్ హెలిక్స్ అల్ట్రా, మూడు ఇంజన్ ఆయిల్ డబ్బాలూ అంగడి బల్ల మీద వరసగా పెట్టించి, 'మామా, వీటిలో ఇంజన్‌ని బాగా కాపాడేది ఏది?' అని అడిగినావు. ఫొటో డబ్బాల ముందువైపు తీసినావు. వెనకవైపు తీసి పంపుంటే ఈ ఉత్తరం సగంలో అయిపోయేది.

ముందర ఉండేది పేరు. ఒకే పేరు కింద నాలుగైదు రకాలు అమ్ముతారు. ఒకటి పెట్రోలు బండికి, ఒకటి డీజిల్‌కి, ఒకటి పల్చన, ఒకటి చిక్కన. కాబట్టి ఎడ్జ్ మంచిదా, మొబిల్ మంచిదా అనే ప్రశ్నకి జవాబే లేదు. నీ బండికి ఏది సరిపోతుందనే దానికి మాత్రం ఉండాది.

తిరుపతిలో నువ్వు కిరాయికి తిప్పేది బీఎస్6, అంటే కొత్త పొగ నియమాల ప్రకారం చేసిన డీజిల్ బండి. 2020 ఏప్రిల్ తర్వాత వచ్చిన ఈ రకం డీజిల్ కార్లకి పొగ పోయే దారిలో డీపీఎఫ్ అని మసి పట్టే ఫిల్టర్ ఉంటుంది. నువ్వు ముందు చూసుకోవాల్సింది దాన్ని. ఆయిల్‌లో కలిపే మందుల్లో కొన్ని కాలితే బూడిద మిగులుతుంది. డీపీఎఫ్ తనలో చేరిన మసిని కాల్చుకోగలదు గానీ బూడిదని కాల్చుకోలేదు. అది లోపలే పేరుకుని, ఒక రోజు బండి లాగడం మానేస్తుంది. కొత్తది వేయించాలంటే నీ రెండు మూడు నెలల కిరాయి దానికే పోతుంది. అందుకే డబ్బా వెనకాల ఏసీఈఏ (యూరప్ కార్ల కంపెనీల సంఘం) అనే మాట పక్కన సీ2 అనో సీ3 అనో ఉందా చూడు. ఈ రకాల్లో బూడిద 0.8 శాతానికి మించకూడదని నియమం. లారీల కోసం చేసిన పాత రకం ఆయిళ్లలో ఒక శాతం దాటి ఉంటుంది. ఏ షెడ్డులోనైనా డ్రమ్ములోంచి కొలిచి పోస్తామంటే వద్దని చెప్పి వచ్చేయ్, ఎంత చవకైనా సరే.

సీ2కీ సీ3కీ తేడా ఏందంటావేమో. ఆయిల్‌ని 150 డిగ్రీలకి కాచి, బేరింగులో నలిగినట్టు వేగంగా నలిపి, అప్పుడు ఎంత చిక్కగా నిలబడిందో కొలుస్తారు. సీ2కి ఆ లెక్కన కనీసం 2.9 రావాలి, సీ3కి 3.5. ఇదంతా పుస్తకాల్లో సంగతి అనుకోవద్దు. ఏడుగురు భక్తులు, పైన క్యారియర్ మీద సామాన్లు, ఏసీ ఆడతా ఉండాది, అలిపిరి దాటి మలుపులు మొదలైనాయి, ముందర సప్తగిరి బస్సు, నువ్వు రెండో గేర్‌లో దాని వెనకాల. అప్పుడు క్రాంక్ షాఫ్ట్‌కీ బేరింగుకీ మధ్య నిలబడేది ఆ పొర ఒక్కటే. నీ బండి మాన్యువల్ రెండిటినీ ఒప్పుకుంటే సీ3 పోయించు. ఒక్కటే రాసుంటే దాని మాటే విను. (ఇప్పుడు కొండ మీదికి కరెంటు బస్సులు కూడా తిరుగుతా ఉండాయి. వాటికి ఈ తలనొప్పే లేదు, మాలాంటి మెకానిక్కులకి పనీ లేదు.)

అంగట్లో ఇంకొకటి చెప్తారు. 'తిరుపతి ఎండలకి 5డబ్ల్యూ-30 నీళ్ల మాదిరి అయిపోతుంది, 20డబ్ల్యూ-50 పోయించన్నా' అని. ఈ అంకెలు ఆయిల్ ఎంత చిక్కగా ఉంటుందో చెప్పే గ్రేడ్లు. బయట నలభై డిగ్రీలున్నా ఇరవై ఉన్నా, ఇంజన్ నీళ్ల వేడిని థర్మోస్టాట్ తొంభై దగ్గర పట్టి ఉంచుతుంది. కంపెనీ ఆ వేడికి లెక్క కట్టే గ్రేడ్ రాసుంటుంది. డబ్ల్యూ ముందరి అంకె చలికి సంబంధించింది. మనకి మంచు కురవదు, నిజమే. కానీ తెల్లారి గిరాకీకి చల్లగా ఉన్న బండి తీసినప్పుడు ఆయిల్ పైదాకా ఎక్కేలోగా జరిగే అరుగుదలే ఎక్కువ. పల్చటి ఆయిల్ అక్కడ పనికొస్తుంది.

ఇక ఫుల్ సింథటిక్ అనే మాట, అంటే మొత్తం ఫ్యాక్టరీలో రసాయనంగా తయారుచేసిన ఆయిల్ అని. 1999లో అమెరికాలో దీని మీద పెద్ద పంచాయితీ జరిగింది. ముడి చమురునే బాగా శుద్ధి చేసి తయారుచేసిన ఆయిల్‌ని కాస్ట్రాల్ వాళ్లు సింథటిక్ అని అమ్ముతా ఉండారని మొబిల్ వాళ్లు ఫిర్యాదు చేసినారు. ప్రకటనల మంచిచెడ్డలు చూసే అక్కడి సంస్థ, అట్లా పిలవచ్చు అని తేల్చింది. అప్పటినుంచి ఆ మాట వెడల్పయింది. షెల్ వాళ్లేమో ఖతార్‌లో సహజవాయువు నుంచే మూల నూనె తీస్తారు. ఎట్లా తీసినా సరే, నీ బండి మాన్యువల్‌లో ఉన్న గ్రేడూ, సీ2 గానీ సీ3 గానీ ఆ రకమూ డబ్బా మీద ఉంటే మూడూ నీ ఇంజన్‌ని కాపాడతాయి. వాటిలో ఏది తక్కువకి వస్తే అది కొనుక్కో. 'సింథటిక్ టెక్నాలజీ' అని రాసిన డబ్బా మాత్రం ఫుల్ సింథటిక్ అనుకోవద్దు. అది మామూలుగా కలగలుపు సరుకు.

ఇప్పుడు నా పరువు తీసుకునే సంగతి ఒకటి చెప్తాను, మీ అత్తకి చెప్పొద్దు. మూడేళ్ల కిందట నా సొంత డీజిల్ బండికి మంచి ఖరీదైన ఆయిల్ పోసినాను. ఇంటి నుంచి మార్కెట్టుకి, మార్కెట్టు నుంచి ఇంటికి, పండక్కి కాణిపాకానికి, అంతే తిరుగుడు. ఆదివారం ఆదివారం డిప్‌స్టిక్ (ఆయిల్ ఎంతుందో చూసే కడ్డీ) తీసి గుడ్డతో తుడిచి చూసేవాణ్ణి. గీత దగ్గరనుంచి చుక్క కూడా తగ్గలేదు. ఇంజన్ ఆయిల్ తాగడం లేదు, నా సర్వీసంటే అదీ అని మీసం తిప్పినాను. రెండు నెలలకి ఆయిల్ పై గీత దాటి వేలెడు పైకి వచ్చింది. అప్పుడు వాసన చూస్తే, డీజిల్!

డీపీఎఫ్ మసిని కాల్చుకోవాలంటే బండి కొంచెం డీజిల్ ఎక్కువ చల్లుతుంది. పది నిమిషాల తిరుగుళ్లలో ఆ కాల్చుడు సగంలో ఆగిపోతే, మండని డీజిల్ సిలిండర్ గోడల మీదుగా కిందికి జారి ఆయిల్‌లో కలుస్తుంది. పలచబడిన ఆయిల్ ఏ కంపెనీదైతే ఏంది? ముప్పై ఐదేళ్లు షెడ్డు నడిపినోణ్ణి, తగ్గితేనే భయపడాలనుకున్నాను. పెరగడం కూడా జబ్బేనని అప్పుడు తెలిసింది.

కొండ గిరాకీ లేని రోజుల్లో నీ తిరుగుడు కూడా అట్లాంటిదే. రైల్వే స్టేషన్ నుంచి లాడ్జికి, లాడ్జి నుంచి తిరుచానూరుకి. కాబట్టి వారానికోసారి బండిని హైవే ఎక్కించి, ఆపకుండా అరగంట పైన ఒకే వేగంతో తోలు. చిత్తూరు దాకా వచ్చి పో. ఫిల్టరూ శుభ్రమవుతుంది, మీ అత్తకీ సంతోషం. డిప్‌స్టిక్ మాత్రం తెల్లారి బండి చల్లగా ఉన్నప్పుడు, సమంగా ఉండే చోట చూడు. డీజిల్ బండిలో ఆయిల్ నల్లబడినంత మాత్రాన చెడిపోయినట్టు కాదు. మాన్యువల్ 10,000 కిలోమీటర్లు అంటే, ఘాట్ తోలే నీకు 7,500కే మార్చమంటాను. కొండెక్కినాక బండి ఆపే ముందు ఒక నిమిషం ఇంజన్ ఊరికే ఆడనీ, టర్బో చల్లబడుతుంది.

కల్తీ గురించి రెండు మాటలు. బిల్లు లేకుండా కొనొద్దు. ఖాళీ డబ్బాని అట్లే పాత ఇనుము వాళ్లకి వేయొద్దు, కత్తితో రెండు ముక్కలు కోసి వెయ్యి. లేకుంటే అదే డబ్బా ఎవరి చేతిలోనో మళ్లీ నిండుతుంది.

మిగిలిన అర లీటరు నీ మోటార్‌సైకిల్‌కి పోద్దామనుకుంటావేమో, ఆ పని చేయొద్దు. దాని క్లచ్ ఆయిల్‌లోనే మునిగి ఉంటుంది. కారు ఆయిల్‌లో జారుడు మందులుంటే క్లచ్ పట్టదు. దానికి డబ్బా మీద జాసో (జపాన్ వాళ్ల ప్రమాణం) ఎంఏ అనో ఎంఏ2 అనో, బండి మాన్యువల్ చెప్పింది రాసుండేదే తేవాలి.

ఈసారి ఆయిల్ మార్పించేటప్పుడు పాత ఫిల్టర్‌ని పారేయనీకుండా కవర్లో కట్టి తీసుకురా. కోసి, కాగితం విప్పి, ఎండలో పట్టి చూద్దాం. సెకండ్ హ్యాండ్ బండి గదా, ఇంజన్ అరిగి రాలిన ఇనుప మెరుపులు లోపల ఉన్నాయో లేవో అందులోనే తెలుస్తుంది.

నీ మామ