తొమ్మిదో రోజు ఆగిపోయిన మా అబ్బాయికి

నాన్నా, వందనాలు.

మొన్న రాత్రి నువ్వు పంపిన మెసేజ్ రెండుసార్లు చదివాను. నలభై రోజుల ఉపవాసం, తెల్లవారుజామున నాలుగింటికి లేచి గంట ప్రార్థన, రోజుకు బైబిల్లో పది అధ్యాయాలు అని తీర్మానం చేసుకున్నావు, తొమ్మిదో రోజుకి ఆగిపోయావు, పాస్టరు గారి మొహం చూడలేక రెండు ఆదివారాలుగా గుడికి పోవడం లేదు. ఆగిపోయావని నాకేం బాధ లేదు. గుడి మానేశావని మాత్రం చాలా బాధగా ఉంది. ఈ ఆదివారం వెళ్లు, ఆలస్యమైతే వెనక గోడ పక్కన కూర్చో, పర్వాలేదు. నేను కింద రాసేవన్నీ ఆ తర్వాతే.

చీమకుర్తి క్వారీలో ఒక వారం పగలు, ఒక వారం రాత్రి డ్యూటీ చేసేవాడివి, రోజూ నాలుగింటికే లేవడం ఎట్లా కుదురుతుందనుకున్నావు? ఈ తీర్మానం చేసుకునే ముందు ఎవరికైనా చెప్పావా అంటే అదీ లేదు. మీ పాస్టరు గారికి చెప్పి ఉంటే ఆయనే సగం తగ్గించేవారు.

చిన్నప్పుడు నిన్ను ఒంగోలు ప్రార్థన కొండ ఎక్కించాను, గుర్తుందా? 1854 జనవరి 1న తెల్లవారుతుండగా నెల్లూరులో సేవ చేస్తున్న అమెరికా మిషనరీ జ్యూవెట్ దొర, దొరసాని, వాళ్లతో ముగ్గురు మనవాళ్లు ఆ కొండెక్కి, ఒంగోలుకి ఒక సేవకుణ్ణి పంపమని ప్రభువుని అడిగారు. నెల్లూరు మిషన్‌నే మూసేద్దామా అని అమెరికాలో పెద్దలు మాట్లాడుకుంటున్న రోజులవి. వాళ్లు అడిగిన ఆ సేవకుడు, క్లౌ దొర, ఒంగోలు వచ్చి కాపురం పెట్టింది 1866లో, అంటే పన్నెండేళ్లు పట్టింది. అందరూ ఈ కథని దొర పేరుతో చెప్తారు కానీ నా మనసులో నిలిచింది ఐదుగురు అన్న మాట. ఒకరికి నీరసం వచ్చిన రోజు ఇంకొకరు మోసి ఉంటారు కదా అనుకుంటాను. నువ్వు తొమ్మిది రోజులు ఒక్కడివే మోశావు.

ఇక ఏం చెయ్యాలో చెప్తాను. పది అధ్యాయాలు వద్దు, బైబిల్లో కీర్తనల గ్రంథంలోంచి రోజుకి ఒక్క కీర్తన. మొత్తం నూట యాభై, ఐదారు నెలల పని. గడియారం చూసి టైమ్ పెట్టుకోకు, పగలైనా రాత్రైనా డ్యూటీ దిగి స్నానం చేసి అన్నం ముందు కూర్చునే వేళ అనుకో, అప్పుడు షిఫ్ట్ మారినా ఆ వేళ మారదు. మనసులో చదువుకోవద్దు, పైకి చదువు, గదిలో ఎవరూ లేకపోయినా సరే. 119వ కీర్తన దగ్గర హడలిపోతావు, అందులో 176 వచనాలున్నాయి, కానీ అది 22 భాగాలుగా ఉంటుంది, ఒక్కో దానిలో ఎనిమిదే వచనాలు, రోజుకొక భాగం చదువుకో. చదివాక నీ సొంత మాటలు రాకపోతే ఆ కీర్తనలో మాటలే తిరిగి ప్రభువుకి చెప్పు, అదీ ప్రార్థనే. మా వీధిలో ఒక ముసలావిడకి చదువు రాదు, ఏడో తరగతి మనవడు సాయంత్రం దీపం వేళకి గడప మీద కూర్చుని చదువుతుంటే ఆవిడ బియ్యంలో రాళ్లు ఏరుకుంటూ ఒక్కో మాటకి ‘ఊ’ కొడుతూ వింటుంది. వాడు ఒక లైను వదిలేస్తే చెయ్యి ఆపి, అదేంట్రా, మళ్లీ చదువు అంటుంది. అక్షరం రాని ఆవిడకి వాక్యం అంత పట్టుబడింది, ఎందుకంటే రోజూ ఇంకొకరి నోటి నుంచి విన్నది.

ఉపవాసం గురించి కాస్త గట్టిగా చెప్పాలి. అసలు ఎందుకు మొదలుపెట్టావు, సూపర్‌వైజర్ పోస్టు కోసమా? అడగడం తప్పని నేననను, దేవుడు మనకి తండ్రి కాబట్టే అడుగుతాం. కానీ ఆకలిని చూపించి ఆయనతో బేరం ఆడకూడదు. 1876-78 కరువులో క్లౌ దొర బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొంత కాంట్రాక్టు తీసుకుని మనవాళ్లకి పని ఇచ్చాడు, ఆ సహాయం నడిచినన్నాళ్లు బాప్తిస్మాలు మాత్రం ఆపేశాడు, కూటి కోసం వచ్చారన్న మాట రాకూడదని. వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్క రోజే 2,222 మంది తీసుకున్నది ఆ తర్వాతే, 1878 జులై 3న. ఎందుకు వస్తున్నారో తేలేదాకా ఆయన ఆగాడు, నువ్వు కూడా ఎందుకు ఉపవాసం ఉంటున్నావో తేల్చుకునేదాకా ఆగు.

తేలాక, మీ సంఘంలో శుక్రవారం ఉపవాస కూడిక ఉందిగా, ఆ ఒక్క రోజు వాళ్లతో కలిసి ఉండు, సాయంత్రం అందరితోపాటే తిను. మంచినీళ్లు మానొద్దు, ఆ రాళ్ల వేడిలో నీళ్లు లేకుండా ఉండడం భక్తి కాదు. శుక్రవారం క్వారీ యంత్రం మీద డ్యూటీ పడితే ఉపవాసం ఇంకో రోజుకి మార్చుకో, కళ్లు తిరిగాయంటే ప్రాణాల మీదకొస్తుంది. నాలాగా షుగర్ మాత్రలు వేసుకునేవాళ్లు డాక్టరుని అడగకుండా ఉండనే కూడదు, నేను ఒక పూట కాఫీ, టీవీ మానేస్తానంతే. ఆ రోజు తినని పూటకి అయ్యే డబ్బులు పక్కన పెట్టు. మత్తయి సువార్త ఆరో అధ్యాయంలో ధర్మం, ప్రార్థన, ఉపవాసం ఒకదాని వెంట ఒకటి వస్తాయి, మనం ఎప్పుడూ మొదటిది మర్చిపోతాం. మీ అమ్మమ్మ పొయ్యి మీద ఎసరు పెట్టిన ప్రతిసారీ గిన్నెలో పోసిన బియ్యంలోంచి ఒక పిడికెడు తీసి తలుపు వెనక పాత డబ్బాలో వేసేది, నెలాఖరుకి అది గుడికి చేరేది, అక్కణ్ణుంచి ఎవరింట్లో పొయ్యి వెలగలేదో వాళ్లకి. మనింట్లో బియ్యం తక్కువున్న రోజు కూడా పిడికిలి చిన్నదయ్యేది కాదు, అది నేను పక్కన నిలబడి చూశాను.

ఇంకొకటి, నీ లోపలి సంగతులు చెప్పుకోవడానికి ఒక్క మనిషిని వెతుక్కో. కూడికలో అందరి ముందూ చెప్పొద్దు. నా పెళ్లయిన కొత్తలో ఇంట్లో గొడవని ప్రార్థన విన్నపంగా ఒక గృహ కూడికలో ఏడ్చుకుంటూ చెప్పాను, మర్నాడు కుళాయి దగ్గరకి నాకంటే ముందు నా కథ చేరిపోయింది. ఆరు నెలలు ఎవరింటికీ కూడికకి పోలేదు, ఆ ఆరు నెలల్లో నా ప్రార్థన కూడా ఎండిపోయింది. పాపాలు ఒకరితో ఒకరు ఒప్పుకోమని బైబిల్లో యాకోబు రాసిన మాట నిజమే, కానీ మనిషిని చూసి చెప్పాలి. ఎట్లా చూడాలంటే, ఆయన నీ దగ్గర ఇంకెవరి సంగతైనా చెప్తున్నాడా అని గమనించు. చెప్తుంటే నీ సంగతీ ఇంకో చోట చెప్తాడు. మగవాళ్లలో, నీకంటే పదిహేనేళ్లైనా పెద్దాయన్ని చూసుకో, పదిహేను రోజులకొకసారి టీ తాగుతూ కూర్చుంటే చాలు.

శనివారం సాయంత్రం ఖాళీగా ఉంటే గుడి ఊడ్చి జంబుఖానాలు పరిచిరా. ఎవరికీ చెప్పకు. పరిచాక ఒక పది నిమిషాలు ఫోన్ ఆపేసి అక్కడే ఊరికే కూర్చో.

వచ్చే నెల మొదటి ఆదివారం ప్రభువు బల్ల, అందరం కలిసి రొట్టె, ద్రాక్షారసం తీసుకునే రోజు. దానికంటే ముందు మీ అన్నకి ఫోన్ చెయ్యి. ఆ స్థలం గొడవలో నీదే న్యాయం కావచ్చు, నేను తీర్పు చెప్పడం లేదు, కానీ రెండేళ్లుగా మాటల్లేకుండా ఆ రొట్టె ముట్టుకుంటున్నావు, నాకది నిద్రపట్టనివ్వడం లేదు. అన్నం తిన్నావా అని అడుగు, ఆ ఒక్క మాటతో మొదలుపెట్టు.

సోమవారం నేను మొదటి కీర్తన చదువుతాను, నువ్వూ డ్యూటీ దిగాక అదే చదువు. చదివానని వాట్సాప్‌లో ఒక్క ముక్క పెట్టు చాలు. పెట్టని రోజు నేనే ఫోన్ చేస్తాను, విసుక్కోవద్దు.

మీ పెద్దమ్మ