జూన్ వస్తే అప్పేనా? తిరుపతి నుంచి ఒక ఇల్లాలి ప్రశ్నకు జవాబు

ప్రశ్న: నమస్తే సార్. మాది తిరుపతి, కొర్లగుంట. మా ఆయన ట్రావెల్స్‌లో డ్రైవర్. జీతం 19,000. బత్తా ఒక నెల 3,000 వస్తే ఇంకో నెల 9,000 వస్తుంది. నేను ఇంట్లోనే నెలకు 20, 25 జాకెట్లు కుడతాను, నాలుగైదు వేలు వస్తాయి. బాబు 8, పాప 3వ తరగతి. నిరుడు జూన్‌లో స్కూలు ఫీజు, పుస్తకాలు, జాతరకు చేసిన చేబదుళ్లు, అంగట్లో బాకీ అన్నీ మీద పడి 50,000 తెచ్చాం. నూటికి మూడు రూపాయల వడ్డీ. 8 నెలలు వడ్డీ కట్టి, పోయిన నెలలో నా కమ్మలు అమ్మి తీర్చేశాం. ఇప్పుడు ఎవరికీ బాకీ లేదు. కానీ మళ్లీ జూన్ వస్తుందంటే టెన్షన్‌గా ఉంది. పక్కింటావిడ చీటీ వేయమంటోంది. ఇంటి ఖర్చుల లెక్క, అంగడి ఖాతా పుస్తకం ఫొటోలు పంపుతున్నాను. ఇంకా ఎక్కడ తగ్గించాలో చెప్పండి.

జవాబు: అమ్మా, మీరు పంపిన లెక్క అంతా చూశాను. ముందు మీరు తెలుసుకోవాల్సింది, మీ ఇంట్లో దుబారా లేదు. అద్దె 6,000తో కలిపి నెల ఖర్చు 26,600. నలుగురున్న ఇంటికి, ఇద్దరు పిల్లలు చదువుకుంటున్న ఇంటికి తిరుపతిలో ఇది ఎక్కువేం కాదు. మీ రాబడి తక్కువ నెలలో 26,000, ఎక్కువ నెలలో 33,000. సగటున 29,500 అనుకుందాం. నెలకు మూడు వేలు మిగలాలి కదా, మరి అప్పెందుకు అయింది?

ఎందుకంటే మీ లెక్కలో నెల నెలా వచ్చే ఖర్చులే ఉన్నాయి. ఏడాదికోసారి వచ్చేవి లెక్క కాగితం వెనకవైపు విడిగా రాశారు. వాటిని నేను కలిపి చూశాను. పిల్లలిద్దరి ఫీజు 45,000. పుస్తకాలు, నోట్సులు, యూనిఫాం, బూట్లు 11,000. గంగమ్మ జాతరకు 8,000. దసరా, దీపావళి, సంక్రాంతి బట్టలకు 10,000. బండి ఇన్సూరెన్సు, సర్వీసింగు 4,000. పెళ్లిళ్లు, గృహప్రవేశాల చదివింపులు 6,000. మొత్తం 84,000. పన్నెండుతో భాగిస్తే నెలకు 7,000.

అంటే మీ ఇంటి అసలు ఖర్చు నెలకు 33,600. వచ్చేది 29,500. నెలకు 4,100 తక్కువ. ఏడాదికి 49,200. మీరు తెచ్చిన అప్పు 50,000. జూన్‌లో ఏదో విపత్తు వచ్చి పడిందని మీరు అనుకుంటున్నారు కానీ, ఆ అప్పు ఏడాది పొడుగునా నెలకు నాలుగు వేల చొప్పున పేరుకున్నదే. జూన్‌లో బయటపడింది, అంతే.

మీ ఊళ్లో ఇంకో ఇబ్బంది కూడా ఉంది. జాతర మే నెలలో. కొర్లగుంటలో ఉండి తాతయ్యగుంట గంగమ్మకు పొంగలి పెట్టకుండా, చుట్టాలను పిలవకుండా ఎవరుంటారు? ఆ వారం చేతిలో ఉన్నది కాస్తా అయిపోతుంది. జూన్ 12న బళ్లు తెరుస్తారు. రెండింటికీ మధ్య దాదాపు నాలుగు వారాలే. వేసవి రద్దీలో మీ ఆయనకు వచ్చే మంచి బత్తా అటు జాతరకే సరిపోతోంది, ఇటు ఫీజుకు ఏమీ మిగలడం లేదు.

కాబట్టి ఇంట్లో పాలు, గుడ్లు, కూరలు తగ్గించి కడుపు కట్టుకోమని నేను చెప్పను. పిల్లలు పెరిగే వయసు. రోజుకు లీటరు పాలు అలాగే ఉండనివ్వండి. ఆ 4,100 ఎక్కడ పూడ్చగలమో చూద్దాం.

మీ అంగడి ఖాతా పుస్తకంలో రెండు పేజీల ఫొటోలు పంపారు. ఆ నెలలో నూనె ఏడుసార్లు అర లీటరు ప్యాకెట్లుగా వచ్చింది. షాంపూ, కాఫీపొడి అన్నీ చిన్న ప్యాకెట్లే. పాప వెళ్లినప్పుడల్లా పది, ఇరవై రూపాయల బిస్కెట్లు, కుర్‌కురేలు. కందిపప్పు అర కిలో, అర కిలో చొప్పున నాలుగుసార్లు. ఖాతా ఉంటే ఇలాగే జరుగుతుంది. చేతిలోంచి డబ్బు పోదు కాబట్టి ధర అడగం. పైగా బాకీ ఉన్న అంగట్లో "పక్కన నాలుగు రూపాయలు తక్కువకిస్తున్నారు" అనడానికి మొహం చెల్లదు. ఆయన మంచివాడే కావచ్చు, కష్టంలో ఆదుకున్నవాడే కావచ్చు. ఆ పరిచయం అలాగే ఉంచుకోండి, ఖాతా మాత్రం ఆపేయండి. జీతం పడిన రోజున నెల సరుకులకు చీటీ రాసుకుని, డబ్బిచ్చి ఒకేసారి తెచ్చుకోండి. నూనె ఐదు లీటర్ల క్యాను, పప్పులు కిలోల లెక్కన. సన్నబియ్యం 26 కిలోల మూట. వారంలో మూడు రాత్రులు సంగటి చేసుకుంటే ఆ మూట ఇంకో వారం ఎక్కువ వస్తుంది. సంగటి, పప్పు, చెనక్కాయల ఊరుబిండి ఉంటే పిల్లలు కూడా వద్దనరు, ఒంటికీ మంచిది. ఈ పద్ధతిలో 5,500 ఉన్న సరుకుల ఖర్చు 4,800కు వస్తుంది. అంతకన్నా తగ్గించాలని చూడకండి, మూడో నెలకే విసుగొచ్చి మొత్తం వదిలేస్తారు.

కూరగాయలు వీధిలోకి వచ్చే బండి దగ్గర కాకుండా వారానికి రెండుసార్లు రైతు బజార్‌లో తీసుకుంటే ఒక 300 మిగులుతుంది. అక్కడ ధర బోర్డు మీద రాసి ఉంటుంది, బేరంతో పని లేదు. టమాటా బాగా చౌకైనప్పుడు నాలుగు కిలోలు ఎక్కువ తెచ్చి నిల్వపచ్చడి పెట్టుకోండి. కేబుల్, రెండు ఫోన్ల రీచార్జి కలిపి 900 రాశారు. ఫోన్లో అన్నీ చూస్తున్నప్పుడు కేబుల్ ఎందుకో ఇంట్లో మాట్లాడుకోండి. అది తీసేస్తే 300.

బయటి టిఫిన్లు, టీలు, సాయంత్రం చిరుతిళ్లు 2,000. దీనిమీద మీ ఆయనతో నెమ్మదిగా మాట్లాడండి. ట్రిప్పులో తినడానికే కదా బత్తా ఇచ్చేది. ఆ తిండి ఖర్చు బత్తాలోంచి పోయాక మిగిలినదే ఇంటికి తెస్తున్నారా, లేక తెచ్చిన డబ్బులోంచి మళ్లీ ఖర్చు పెడుతున్నారా? మీ లెక్కలో రెండో పద్ధతి కనిపిస్తోంది. ట్రిప్పు లేని రోజు ఇంట్లోనే తింటే, ఆదివారం ఒక్కపూట అందరూ కలిసి బయట దోసె తిన్నా సరే, 900లో అయిపోతుంది. అలా 1,100 తగ్గింది.

ఇంతవరకు నెలకు 2,400. ఇక ఏడాది ఖర్చులు. జాతరకు 8,000 బదులు 5,000. పొంగళ్లు, సారె, చుట్టాలకు ఒక పూట భోజనం అందులో వస్తాయి. కొత్త బట్టలు సంక్రాంతికి అందరికీ, దసరాకు పిల్లలకు మాత్రమే. 10,000 ఉన్నది 6,000 అవుతుంది. మీరు కుట్టగలరు కాబట్టి పాప గౌనులకు కుట్టుకూలి ఎలాగూ లేదు. స్కూలు పుస్తకాల్లో పై తరగతి పిల్లల దగ్గర పాతవి దొరికేవి ముందే మాట్లాడి పెట్టుకోండి, నోట్సులు హోల్‌సేల్‌లో డజన్ల లెక్కన కొనండి. 11,000లో 3,000 తగ్గుతుంది. ఈ మూడూ కలిపి ఏడాదికి 10,000, అంటే నెలకు 830 చొప్పున. చదివింపులు నేను ముట్టుకోలేదు. బంధువుల్లో మాట పోగొట్టుకుని చేసే పొదుపు ఎక్కువ రోజులు నిలవదు.

ఆ 4,100లో ఇంకా పూడ్చాల్సింది 870. ఇది ఖర్చులోంచి పిండకండి. జాకెట్‌కు దాదాపు 200 తీసుకుంటున్నారని మీ లెక్కలో తెలుస్తోంది. లైనింగ్ జాకెట్‌కు తిరుపతిలో ఆ రేటు తక్కువ. 40 రూపాయలు పెంచండి. నెలకు 22 జాకెట్లయినా 880 వస్తుంది. ఒకరిద్దరు మానేస్తారని భయం ఉంటుంది, నిజమే. కానీ కొలత చెడకుండా, చెప్పిన రోజుకు ఇచ్చే టైలర్‌ను ఆడవాళ్లు అంత తేలిగ్గా వదులుకోరు.

ఇప్పుడు ఈ డబ్బును ఎక్కడ ఉంచాలన్నది మరీ ముఖ్యం. మార్పుల తర్వాత మీ నెల ఖర్చు 24,200. రాబడి బాగా తక్కువగా ఉండే నెలలో కూడా, అంటే బత్తా 3,000 వచ్చే పరీక్షల కాలంలో కూడా, రెండున్నర వేలు మిగులుతాయి. ఆ 2,500కు బ్యాంకులో 12 నెలల రికరింగ్ డిపాజిట్ (ఆర్‌డీ) కట్టండి. పోస్టాఫీసు ఆర్‌డీ మంచిదే కానీ అది ఐదేళ్లది, మూడేళ్లు నిండకుండా మూసేయడం కుదరదు. జూన్ ఫీజుకు పనికిరాదు. ఇక మంచి నెలల్లో, అంటే వేసవి సెలవులు, బ్రహ్మోత్సవాలు, కార్తీకం నుంచి సంక్రాంతి దాకా అయ్యప్ప ట్రిప్పులు ఉన్నప్పుడు, 3,000 దాటి వచ్చిన బత్తా మొత్తం ఇంకో సేవింగ్స్ ఖాతాలో వేయండి. మీ పేరు మీద తెరవండి. ఫోన్‌పే, గూగుల్‌పేలకు ఆ ఖాతా కలపకండి. ఏటీఎం కార్డు బీరువాలో ఉండాలి. ఇంట్లో అందరూ దాన్ని ఫీజుల ఖాతా అనే పిలవాలి. పేరు పెడితే చేయి వేయడానికి మనసు ఒప్పదు.

మరి ఈ జూన్ సంగతి? ఏడాది ఆగే వీలు లేదు కదా. ఇప్పుడు మార్చి మొదట్లో ఉన్నాం. ఈ మూడు నెలలు ఆర్‌డీ పెట్టకండి, జూన్ మొదట్లో మొదలుపెట్టండి, అప్పుడే వచ్చే జూన్ ఫీజుకు చేతికొస్తుంది. మార్చిలో 2,000, ఏప్రిల్, మే రద్దీలో నెలకు 9,000 చొప్పున పక్కన పెట్టగలిగితే 20,000 అవుతుంది. కావాల్సింది జాతరకు 5,000, పుస్తకాలు వగైరాకు 8,000, మొదటి టర్మ్ ఫీజు 15,000, వెరసి 28,000. ఇంకా 8,000 కావాలి. ఈ నెలలోనే, పరీక్షల హడావిడి మొదలవక ముందు, స్కూలు ఆఫీసుకు వెళ్లి మొదటి టర్మ్‌లో సగం జూన్‌లో, సగం జూలైలో కడతామని అడగండి. జూన్‌లో క్యూలో నిలబడి అడిగితే కుదరదంటారు, మార్చిలో మేనేజ్‌మెంట్‌తో కూర్చుని అడిగితే చాలాచోట్ల ఒప్పుకుంటారు. ఒప్పుకున్నది కాగితం మీద రాయించుకోండి.

ఒకవేళ అప్పటికీ తక్కువ పడితే మూడు రూపాయల వడ్డీ గడప మాత్రం తొక్కకండి. నూటికి నెలకు మూడు రూపాయలంటే ఏడాదికి 36 శాతం. మీరు 50,000కు నెలకు 1,500 చొప్పున 8 నెలల్లో 12,000 వడ్డీ కట్టారు. అసలు ఒక్క రూపాయి తగ్గలేదు. ఆ 12,000 మీ పాప రెండు టర్మ్‌ల ఫీజుకు దగ్గర దగ్గర. కమ్మలు అమ్మేశారని చదివినప్పుడు చాలా బాధనిపించింది. అప్పు తెచ్చిన రోజునే వాటిని ప్రభుత్వ బ్యాంకులో కుదువ పెట్టి ఉంటే వడ్డీ నెలకు నూటికి రూపాయి లోపే పడేది, ఇవాళ కమ్మలు చెవులకు ఉండేవి. మెప్మా (పట్టణ పేదరిక నిర్మూలన సంస్థ) పొదుపు సంఘంలో సభ్యులైతే అక్కడా తక్కువ వడ్డీకి దొరుకుతుంది. సభ్యులు కాకపోతే ఈ వేసవిలోనే చేరండి. ఫోన్లో నిమిషంలో అప్పిస్తామనే యాప్‌ల వైపు మాత్రం ఇంట్లో ఎవరూ వెళ్లకూడదు. ఈ మాట మీ ఆయనకు కూడా గట్టిగా చెప్పండి.

చీటీ గురించి అడిగారు. పక్కింటావిడ మీద నమ్మకం లేక కాదు, రిజిస్టర్ కాని చీటీలో రేపు ఎవరైనా కట్టడం మానేస్తే ఆవిడ మాత్రం ఏం చేయగలదు? 1982 నాటి చిట్‌ఫండ్స్ చట్టం ప్రకారం రిజిస్టరైన చీటీ అయితే కొంత రక్షణ ఉంటుంది. అయినా మీ అవసరానికి చీటీ సరిపడదు. మీకు డబ్బు కావాల్సింది జూన్‌లో. ఆ నెలలో ఫీజులు కట్టాల్సింది మీరొక్కరే కాదు, చీటీలో ఉన్న సగం మంది పాటకు దిగుతారు. పాట పెరిగేకొద్దీ మీ చేతికొచ్చేది తగ్గుతుంది. పాడుకున్నాక మిగిలిన వాయిదాలు అప్పు కట్టినట్టే కట్టాలి. అప్పు భయంతో నాకు రాసిన మీరు ఇంకో పేరుతో అప్పులోకి వెళ్లొద్దు.

ఇంకొకటి మీరు అడగలేదు, నేనే చెబుతున్నాను. మీ ఆయన రోజూ రోడ్డు మీద ఉండే మనిషి. మీ లెక్కలో ఆయన పేరున ఏ ఇన్సూరెన్సూ లేదు. ప్రధానమంత్రి సురక్షా బీమాకు ఏడాదికి 20 రూపాయలు, జీవన్ జ్యోతి బీమాకు 436 రూపాయలు. మొదటిది ప్రమాదంలో ప్రాణం పోతే 2 లక్షలు, రెండోది ఏ కారణంతో పోయినా 2 లక్షలు ఇస్తుంది. జీవన్ జ్యోతిలో 50 ఏళ్లలోపే చేరాలి. రెండూ ఆయన బ్యాంకు ఖాతా నుంచే ఏటా కట్ అవుతాయి, బీమా సంవత్సరం జూన్ 1న మొదలవుతుంది. కాబట్టి మే నెలాఖరున ఆ ఖాతాలో కనీసం 500 ఉండేలా చూసుకోవాలి. బ్యాంకుకు వెళ్లి రెండు ఫారాలు నింపి, నామినీగా మీ పేరు రాయించండి. స్కూలు ఆఫీసుకు వెళ్లే రోజునే ఈ పని కూడా అయిపోతుంది.