వ్యాపారానికొచ్చిన కంపెనీ రాజ్యం ఎలా ఏలింది?

నాలుగు ఓడల్లో సరుకు కొనుక్కుపోవడానికి వచ్చిన ఈస్టిండియా కంపెనీ ఇంత దేశాన్ని ఎలా ఏలగలిగింది అని అడిగారు. చాలామంది ప్లాసీ యుద్ధం దగ్గర మొదలుపెడతారు. నాకు మాత్రం ఆ సంగతి మా తాతయ్య మగ్గం దగ్గర అర్థమైంది.

మాది బందరు పక్కన పెడన. తాతయ్య గుంట మగ్గం మీద నేసేవాడు. నూలు షావుకారుదే. నేసిన బట్ట ఇచ్చేటప్పుడు షావుకారు మనిషి దాన్ని వెలుతురుకు ఎత్తిపట్టి, పేక ఎక్కడ పలచబడిందో వేలితో తడిమి చూసేవాడు. చిన్న లోపం కనిపించినా కూలి కోత. పండక్కో పెళ్లికో తీసుకున్న అడ్వాన్సు ఆయన పుస్తకంలో ఉండేది, అది తీరేదాకా ఇంకొకరికి నేయడానికి లేదు. తాతయ్య బతికుండగా ఆ బాకీ ఒక్కసారి కూడా పూర్తిగా తీరలేదు.

తర్వాత డిగ్రీలో చరిత్ర చదువుతుంటే, కంపెనీ మన నేతగాళ్లకు ముందు డబ్బిచ్చి బట్ట నేయించుకున్న పద్ధతి కనిపించింది. మా ఇంటి కథే చదువుతున్నట్టు అనిపించింది.

1611లో గ్లోబ్ అనే ఓడలో ఇంగ్లీషువాళ్లు మచిలీపట్నం, అంటే మా బందరు, చేరారు. అప్పటికి అది గోల్కొండ కుతుబ్ షాహీల రేవు, డచ్చివాళ్లు ముందే కొట్టు పెట్టుకుని ఉన్నారు. ఇంగ్లండు ఉన్ని బట్టలు ఈ ఎండల్లో ఎవరికి కావాలి? అందుకని వెండి తెచ్చి మన బట్ట కొనేవారు. దాన్ని జావా, సుమత్రా వైపు తీసుకెళ్లి మిరియాలతో మార్చుకునేవారు. భాష రాదు, ఊరు తెలియదు కాబట్టి దుబాసీలను, స్థానిక వర్తకులను నమ్ముకున్నారు. ఆ దశలో కంపెనీ కూడా ఒక షావుకారే.

తేడా ఎక్కడొచ్చిందంటే, మా షావుకారుకు సైన్యం లేదు, శిస్తు వసూలు చేసే హక్కు లేదు. కంపెనీకి ఆ రెండూ వచ్చాయి.

సైన్యం కూడా ఎక్కువగా మనవాళ్లే. కంపెనీ సేనాని క్లైవ్ మద్రాసు నుంచి బెంగాలుకు తీసుకెళ్లిన సిపాయిలను అక్కడివాళ్లు 'తిలంగా'లన్నారు, అంటే తెలుగువాళ్లని. ఆ తర్వాత ఉత్తరాదిలో కంపెనీ సిపాయి ఏ ఊరివాడైనా తిలంగాయే. ఇది చదివిన రోజు నాకు చాలా బాధేసింది. మన రాజుల తగాదాలూ వాళ్లకు కలిసొచ్చాయి. మన కోస్తాలోని సర్కారు జిల్లాలు ఫ్రెంచివాళ్ల చేతిలో ఉన్నప్పుడు, వాళ్లను వెళ్లగొట్టడానికి విజయనగరం ఆనంద గజపతిరాజు ఇంగ్లీషువాళ్లను పిలిచాడు. 1758 డిసెంబరులో చందుర్తి దగ్గర ఫ్రెంచివాళ్లు ఓడిపోయారు. 1759 ఏప్రిల్‌లో కంపెనీ సేనాని కర్నల్ ఫోర్డు బందరు కోట పట్టుకున్నాడు. చిన్నప్పుడు సైకిళ్లేసుకుని ఆ కోటకు వెళ్లేవాళ్లం. అంత పెద్ద కథ అక్కడ జరిగిందని మాకెవరూ చెప్పలేదు.

అసలు మలుపు 1765. మొగలు చక్రవర్తి షా ఆలం నుంచి బెంగాల్, బీహార్, ఒరిస్సాల దివానీ, అంటే శిస్తు వసూలు హక్కు, కంపెనీకి దక్కింది. బదులుగా ఆయనకు ఏటా 26 లక్షల రూపాయలిస్తామన్నారు. సర్కారు జిల్లాలకు ఫర్మానా కూడా అదే ఏడాది వచ్చింది. 1766లో నిజాంతో ఒప్పందం చేసుకుని దాన్ని ఖాయం చేసుకున్నారు. ఇక బట్ట కొనడానికి లండన్ నుంచి వెండి తేవాల్సిన పని దాదాపు తప్పింది. బెంగాల్ రైతు కట్టిన శిస్తులోంచే తీసి బెంగాల్ నేతగాడికిచ్చి, ఆ బట్టను ఇంగ్లండుకు పంపి అమ్ముకున్నారు. అంటే సరుకు వాళ్లకు ఊరికే వచ్చినట్టే. మిగిలిన శిస్తుతో ఇంకా సిపాయిలను పెట్టుకున్నారు, వాళ్లతో ఇంకో రాజ్యం పట్టుకున్నారు, దాని శిస్తుతో ఇంకొంతమంది సిపాయిలు. మీ ప్రశ్నకు నేను చెప్పే జవాబు ఇదే. వ్యాపార లాభం ఒక్కటే అయితే ఇంత రాజ్యం వచ్చేది కాదు.

1813లో మనతో వ్యాపారం మీద కంపెనీ గుత్తహక్కు పోయింది, ఇంగ్లండులోని లాంకషైర్ మిల్లు బట్ట వచ్చిపడింది. 1833 చట్టంతో వ్యాపారమే మానేయమన్నారు. అయినా లండన్‌లోని వాటాదార్లకు ఏటా పదిన్నర శాతం డివిడెండు మన దేశం శిస్తులోంచే ఇవ్వాలని అదే చట్టంలో రాసుకున్నారు. ఆ రోజుల్లోనే గుంటూరు ప్రాంతంలో నందన నామ సంవత్సరం (1832-33) కరువుకు జనం వేలకు వేలు చచ్చిపోయారు.