వ్యాపార ఎకోసిస్టమ్ అంటే సరఫరా గొలుసుకు పెట్టిన కొత్త పేరేనా?

ఎకోసిస్టమ్ (ఒక ఉత్పత్తి విజయం కోసం ఒకదానిపై ఒకటి ఆధారపడే సంస్థల అల్లిక) సిద్ధాంతాలు సరఫరా గొలుసు (ముడిసరుకు నుంచి కొనుగోలుదారు దాకా సరుకు చేరే వరుస) గురించిన పాత మాటలనే తిప్పి చెబుతున్నాయా, కొత్త ఉత్పత్తి తెచ్చే కంపెనీకి అవి పనికొస్తాయా అని మీరు అడిగారు. వైద్య పరికరాలకు సాఫ్ట్‌వేర్ చేసే ఒక చిన్న సంస్థలో పనిచేసిన అనుభవంతో, కొన్ని పనికొస్తాయనే చెబుతాను.

1993లో ఈ ఆలోచనను ప్రచారంలోకి తెచ్చిన వ్యాపార వ్యూహ నిపుణుడు జేమ్స్ మూర్ దాన్ని జీవావరణం నుంచి తీసుకున్నారు. ఆ పోలిక బాగానే ఉంటుంది గాని, ఎవరితో ముందు మాట్లాడాలో చెప్పదు. నాకు అక్కరకొచ్చింది వ్యాపార వ్యూహం బోధించే ప్రొఫెసర్ రాన్ ఆడ్నర్ వాదన. ఉత్పత్తి ప్రయోజనం వినియోగదారుడికి అందాలంటే ఎవరెవరు తమ పద్ధతి మార్చుకోవాలో ముందు లెక్క తీయాలంటారాయన. ఆ జాబితాలో మనకు సరుకు అమ్మనివారు, మన దగ్గర కొననివారు, మనతో ఏ ఒప్పందమూ లేనివారు కూడా ఉంటారు. సరఫరా గొలుసు చిత్రంలో కనిపించనిది వీరే. పైగా నలుగురు భాగస్వాములు సమయానికి సిద్ధమయ్యే అవకాశం ఒక్కొక్కరికి 90 శాతం ఉన్నా, నలుగురూ సిద్ధమయ్యే అవకాశం దాదాపు 66 శాతమే.

ఇందుకు ఒక ఉదాహరణ టైర్ల కంపెనీ మిషెలిన్ తెచ్చిన పాక్స్ టైరు; గాలి పోయాక కూడా అది కారును నడిపించేది. టైరులో లోపం లేదు, కార్ల కంపెనీలూ కొన్ని ముందుకొచ్చాయి. కానీ దాన్ని బాగుచేయడానికి ప్రత్యేక యంత్రాలు కావాలి, వాటిపై పెట్టుబడి పెట్టడానికి తగిన కారణం చాలా గ్యారేజీలకు కనబడలేదు.

మాకు ఎదురైన చిక్కూ అలాంటిదే. పరికరం చూపే అంకెలు నేరుగా రోగి రికార్డులోకి చేరే ఏర్పాటు మేము చేశాం, వైద్యులు మెచ్చుకున్నారు. అయితే రికార్డుల సాఫ్ట్‌వేర్ అమ్మే సంస్థ తన వ్యవస్థలోకి మాకు దారి ఇవ్వాలి, ఇస్తే దానికి ఒరిగేదేమీ లేదు. అందుకని, రికార్డుల సాఫ్ట్‌వేర్‌ను సొంతంగా తయారుచేసుకున్న ఆసుపత్రులకే మొదట అమ్మాలని నిర్ణయించుకున్నాం. మార్కెట్ చిన్నదే, కానీ అక్కడ ఒప్పించవలసినవారు ఒక్కరే. ఆ ఆసుపత్రుల్లో పని సాగడం చూసిన మిగతా ఆసుపత్రులే తర్వాత రికార్డుల సాఫ్ట్‌వేర్ అమ్మే ఆ సంస్థను మాతో అనుసంధానం అడగసాగాయి. మేము ఎంత అడిగినా కదలని సంస్థ, తన ఖాతాదారులు అడిగేసరికి చర్చకు వచ్చింది.