తొమ్మిదో తేదీ దాటనివ్వకు

అమ్మడూ,

పాప నెలలు నిండకుండా పుట్టి ఇంకా ఆసుపత్రిలోనే ఉందని, పురిటి విశ్రాంతికి ఊరు రానన్నావట. పాప చేతికొచ్చేదాకా విజయవాడలోనే, ఆసుపత్రి ఎదురు సందులో గది తీసుకుని ఉంటానని తెగేసి చెప్పావట. మీ నాన్న ఫోన్లో ఒకటే విసుక్కున్నాడు. నాకు మాత్రం నా మేనకోడలివనిపించావు. ఆ వెంటనే టెన్షన్ కూడా పట్టుకుంది. ఆపరేషన్ కుట్లు ఇంకా పచ్చిగా ఉండగా ఆ మెట్లు ఎక్కీ దిగీ ఏమైపోతావోనని. నర్సుగా నా ఉద్యోగమంతా పసిపిల్లల వార్డులోనే గడిచింది. ఫోన్లో చెబితే సగం వింటావు, సగం ఏడుస్తావు. అందుకే రాస్తున్నాను.

పాప దగ్గరికి వెళ్ళే ముందు చేతులు మోచేతుల దాకా కడుక్కో. గాజులు, ఉంగరం, వాచీ గదిలోనే పెట్టి వెళ్ళు. జలుబు చేసినవాళ్ళెవర్నీ దగ్గరికి రానివ్వకు, అది నేనైనా సరే.

ఏడో నెల పిల్లలు బతుకుతారు, ఎనిమిదో నెల పిల్లలు దక్కరు అని మీ అత్తగారి వైపు ఎవరో అన్నారని మీ అమ్మ దిగులు పడుతోంది. శుద్ధ తప్పు. కడుపులో ఎన్నాళ్ళు ఎక్కువుంటే అంత మేలు, అంతే లెక్క. ముప్ఫై వారాలు దాటి, 1350 గ్రాములతో పుట్టిన పిల్లను చూసి శకునాలు చెప్పేవాళ్ళని నా దగ్గరికి పంపు. మొదటి వారంలో బరువు తగ్గిందని కంగారు పడకు, అందరూ తగ్గుతారు.

పాలు రెండు మూడు గంటలకోసారి పిండాలి, రాత్రిళ్ళు కూడా. మొదట్లో సిరంజిలో అడుగంటినట్టు కనిపిస్తాయి. ఇంతేనా అని సిగ్గుపడి పారబోయకు. మీ పాపకిప్పుడు గొట్టంలోంచి పట్టేదే ఒకటి రెండు మిల్లీలీటర్లు. చప్పరించడం, మింగడం, ఊపిరి తీసుకోవడం మూడూ కుదిరేది 34 వారాల ప్రాంతంలో. అప్పటిదాకా రొమ్ముకు పట్టలేదని బెంగ వద్దు. ఇక పథ్యం సంగతి. బాలింతకు నీళ్ళు ఎక్కువ ఇవ్వకూడదని మీ అమ్మ అంటే నా పేరు చెప్పి నిండా తాగు. వెల్లుల్లి కారం తిను, బాగుంటుంది, కానీ దానితో పాటు పప్పూ కూరా గుడ్డూ కూడా తినాలి.

మానిటర్ మోగినప్పుడల్లా గుండె జారిపోతుంది, తెలుసు. కాలికి కట్టిన వైరు వదులైనా అది మోగుతుంది. ముందు పాప మొహం చూడు, రంగు చూడు, తర్వాత నంబరు. ఊపిరి తీయడం మర్చిపోతే సిస్టర్ వచ్చి అరికాలు చిన్నగా గీకుతుంది, మళ్ళీ తీసుకుంటుంది. నెలలు నిండే కొద్దీ ఆ మరుపు పోతుంది.

డాక్టరు సరేనన్న రోజు నుంచి పాపను గుండెకు ఆనించుకుని కూర్చో. కంగారూ జంతువు పేరుతో పిలిచే ఈ పద్ధతి 1978లో కొలంబియాలో మొదలైంది, ఇంక్యుబేటర్లు చాలక. మా వార్డుకు అది వచ్చిన కొత్తలో, వెచ్చగా ఉంచే వార్మర్ మీంచి పిల్లని తీసి తల్లికివ్వాలంటే మాకే చేతులాడేవి కావు. ఇప్పుడు ఎన్ని గంటలైతే అన్ని గంటలు పెట్టుకోమంటున్నారు. నువ్వు నడుం వాల్చే వేళకి అల్లుణ్ణి చొక్కా విప్పి కూర్చోమను. వణుకుతాడు, వణకనీ. సెంటు మాత్రం కొట్టుకుని రావద్దని చెప్పు.

ఇక నా అసలు భయం. ఇది మన బంధువుల్లోనే జరిగింది, ఎవరో చెప్పను. 1250 గ్రాములతో పుట్టిన మగపిల్లాడు ఆసుపత్రిలో అన్నీ గట్టెక్కి ఇంటికొచ్చాడు. డిస్చార్జి కాగితంలో మందుల పేర్లన్నిటి కింద, చివరి వరుసలో, కంటి పరీక్ష చేయించాలని తేదీతో సహా ఉంది. పచ్చి పసికందు, గడప దాటిస్తే గాలి సోకుతుంది, మూడో నెల వెళ్ళనీ అంది నాయనమ్మ. కళ్ళు చక్కగా తెరుస్తున్నాడు కదా, పరీక్ష దేనికన్నాడు తండ్రి. ఎవరూ గొడవ పడలేదు. అందరూ ప్రేమతోనే అన్నారు. నాలుగో నెలలో తల్లి కనిపెట్టింది. గిలక్కాయ చప్పుడైతే వాడు తల తిప్పుతున్నాడు, చప్పుడు చేయకుండా కళ్ళ ముందు ఆడిస్తే చూడటం లేదు. హైదరాబాదు తీసుకెళ్ళేసరికి రెండు కళ్ళలోనూ రెటీనా, అంటే కంటి వెనక పొర, ఊడిపోయింది. ఆ పిల్లాడిప్పుడు డిగ్రీ చదువుతున్నాడు, మంచి తెలివైనవాడు. నాయనమ్మ బతికున్నన్నాళ్ళూ వాడి ఎదురుగా కూర్చుని అన్నం తినలేదు.

ఆ పొరలో రక్తనాళాలు నెలలు నిండేదాకా పెరుగుతూనే ఉంటాయి. ముందే పుడితే ఆ పని సగంలో ఉంటుంది. తర్వాత, ఆక్సిజన్ పెట్టినవాళ్ళలో మరీనూ, అవి అడ్డదిడ్డంగా పెరిగి పొరను లాగేస్తాయి. దీన్ని ఆర్‌ఓపీ, అంటే రెటినోపతీ ఆఫ్ ప్రీమెచ్యూరిటీ అంటారు. పైకి కన్ను మామూలుగానే ఉంటుంది. మన దేశంలో 34 వారాల లోపు గానీ, రెండు కిలోల లోపు గానీ పుట్టిన పిల్లలకి 30 రోజుల్లోపు కళ్ళు చూడాలి, మరీ చిన్నవాళ్ళకైతే ఇంకా ముందే. వేళకు కనిపెడితే లేజర్‌తోనో ఇంజెక్షన్‌తోనో చాలావరకు కాపాడతారు. కానీ చేయాలన్నారంటే రెండు మూడు రోజుల్లో చేయించేయాలి. ఒక్కసారి చూసి వదలరు, మళ్ళీ మళ్ళీ రమ్మంటారు. వెళ్ళాలి.

పాప పుట్టింది పదో తేదీన. సరిగ్గా ఆ ముప్ఫయ్యో రోజు డిస్చార్జి హడావుడిలో, ఇంటికెళ్తున్నామన్న సంబరంలో పడుతుంది. అందుకే వచ్చే నెల తొమ్మిది దాటనివ్వకు. ఎప్పుడు చేస్తారని రేపే అడిగి, కేసు షీటులో రాయించు. అక్కడ కంటి డాక్టరు రారంటే తాడిగడపలో ఎల్వీ ప్రసాద్ వాళ్ళ కంటి ఆసుపత్రి ఉంది. ఖర్చు విషయానికి ఆసుపత్రిలో ప్రభుత్వ వైద్య పథకం కౌంటర్లో అల్లుణ్ణి ఇప్పుడే కనుక్కోమను, చివర్లో కాదు.

ఇంకోటి. ఆ రోజు స్కూటీ ఎక్కకపోతే ఇలా అయ్యేది కాదని ఏడుస్తున్నావట. పిచ్చిపిల్లా, మంచం దిగకుండా పడుకున్నవాళ్ళకీ ముందే కాన్పులయ్యాయి, నా కళ్ళారా చూశాను. ఇక ఆ మాట ఎత్తకు.

శుక్రవారం మీ అమ్మ బస్సెక్కుతుంది. ముందు బొత్తాలున్న నైటీలు, ఉతికి ఆరేసిన పాత పంచె ముక్కలు ఇచ్చి పంపుతున్నాను. కంటి పరీక్ష రోజుకి నేనే వస్తాను. చుక్కలు వేసి, రెప్పలు విప్పి పట్టుకుని చూస్తారు, పాప గుక్కపెట్టి ఏడుస్తుంది, నువ్వు చూడలేవు. లోపల నేనుంటాను. నువ్వు బయట కూర్చుని పాలు పిండుతూ ఉండు, రాగానే పట్టాలి.

మీ అత్త